చేతికి తగ్గ క్యారమ్ బోర్డు

నస్పూర్ కాలనీలో సింగరేణి క్వార్టర్ దొరికిన కుటుంబం క్యారమ్ బోర్డు కొందామనుకుంటే, ధర సంగతి తర్వాత, ముందు జాగా సంగతే తేలాలి. దివాన్, టీవీ, ఎండాకాలమైతే కూలర్ పోగా ముందు గదిలో మిగిలేది కొంచెమే. అందుకని చాలామంది 'పిల్లలకేగా' అనుకుని 20 అంగుళాల బోర్డు పట్టుకొస్తారు. పిల్లలు కాస్త ఎదగ్గానే అది మంచం కిందికి చేరుతుంది. పెద్దవాళ్లు దాని ముందు కూర్చోరు, కూర్చున్నా వాళ్ల చెయ్యి దాని మీద కుదరదు.

నున్నటి చెక్క మీద బిళ్లను జారవిడిచే ఆటలు చాలా దేశాల్లో ఉన్నాయి. ఇంగ్లండులో 16వ శతాబ్దం నాటికే పొడవాటి బల్ల మీద నాణేలు తోసి ఆడేవాళ్లు. దాని సంతతే ఇప్పుడు అమెరికా ఇళ్లలో కనిపించే షఫుల్‌బోర్డు బల్ల. పోటీ కొలత 22 అడుగులు, ఇళ్ల కోసం 9 అడుగుల నుంచి దొరుకుతుంది. అక్కడ బిళ్ల ఒకే దిక్కుకు పోతుంది కాబట్టి పొడవే ఆట. 19వ శతాబ్దం చివర్లో మిషిగన్ రాష్ట్రంలోని లుడింగ్టన్‌లో హెన్రీ హాస్కెల్ అనే ఆయన 28 అంగుళాల చదరపు బోర్డు చేసి, నాలుగు మూలలా వల సంచులు బిగించి అమ్మాడు. మన దేశంలో క్యారమ్స్ మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత సామాన్యుల ఇళ్లలోకి బాగా వ్యాపించింది. 1956లో అఖిల భారత సమాఖ్య, 1988లో చెన్నైలో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడ్డాయి. నేటి పోటీ నియమాల ప్రకారం ఆడే తలం ఒక్కో వైపు 73.5 నుంచి 74 సెంటీమీటర్లు ఉండాలి. అంటే 29 అంగుళాలు.

ఈ 29 అంగుళాలు మనిషి శరీరానికి సరిగ్గా సరిపోయిన కొలత. ఆటగాడు కుర్చీలోంచి లేవకూడదు, కుర్చీ జరపకూడదు. తన వైపున్న 47 సెంటీమీటర్ల గీత మీద ఎక్కడ స్ట్రైకర్ పెట్టినా కూర్చున్న చోటునుంచే కొట్టాలి. బోర్డు ఇంతకన్నా బాగా పెద్దదైతే గీత చివర చెయ్యి అందదు. బాగా చిన్నదైతే మోచెయ్యి ముడుచుకుపోయి వేలికి ఊపు రాదు. పిల్లలకు 20 అంగుళాలది బాగుండటానికి కారణం వాళ్ల చేతి పొడవే.

చిన్న బోర్డుతో ఇంకో నష్టం కూడా ఉంది. కాయిన్ అడ్డకొలత సుమారు 3.18 సెంటీమీటర్లు, పాకెట్‌ది 4.45. చుట్టూ మిగిలే సందు ఒక్కో పక్క 6 మిల్లీమీటర్ల పైచిలుకు. పాకెట్‌కు 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కాయిన్ ఆ సందులో పడాలంటే, గురి అర డిగ్రీకి కాస్త ఎక్కువ వరకే తప్పవచ్చు. 40 సెంటీమీటర్ల దూరంలోనైతే దాదాపు ఒక డిగ్రీ తప్పినా చెల్లిపోతుంది. చిన్న బోర్డు మీద రోజూ గెలిచే కుర్రవాడు పెద్ద బోర్డు దగ్గరికొచ్చి తడబడేది ఇందుకే. అతని చెయ్యి ఆ అదనపు తప్పుకు అలవాటు పడిపోయింది. వేగం సంగతీ అంతే. రాపిడి ఒకేలా ఉంటే స్ట్రైకర్ వేగం రెండింతలు చేస్తే అది జారే దూరం నాలుగింతలవుతుంది. ఎంత మెల్లగా కొడితే ఎంతవరకు పోతుందో వేలికి తెలియడం అసలు విద్య, అది నేర్చుకున్న బోర్డును బట్టే కుదురుతుంది.

స్ట్రైకర్ 15 గ్రాములకు మించకూడదు, కాయిన్ 5 నుంచి 5.5 గ్రాములు. మూడింతల బరువున్న స్ట్రైకర్ నిలిచి ఉన్న కాయిన్‌ను సూటిగా తాకితే, శక్తి ఏమీ వృథా కాలేదనుకుంటే, కాయిన్ స్ట్రైకర్ వచ్చిన వేగానికి ఒకటిన్నర రెట్లతో దూసుకుపోతుంది. స్ట్రైకర్ సగం వేగంతో దాని వెనకే పోతుంది. సూటి దెబ్బకు కాయిన్‌తోపాటు స్ట్రైకర్ కూడా పాకెట్లో పడి 'డ్యూ' ఇచ్చుకోవాల్సి రావడం మన అందరికీ అనుభవమే. అందుకే తెలిసినవాళ్లు కాయిన్‌ను కాస్త పక్కగా తాకి, స్ట్రైకర్‌ను వేరే దారి పట్టిస్తారు.

ఇక పౌడర్. బోర్డు మీద చల్లే బోరిక్ యాసిడ్ స్ఫటికం పలచటి పొరల దొంతర. ఆ పొరల మధ్య పట్టు బలహీనం కాబట్టి ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. బొగ్గుకు దగ్గరి బంధువైన గ్రాఫైట్ కందెనగా పనిచేసేదీ ఇదే గుణంతో. అయితే మా ప్రాంతంలో కిటికీ తీస్తే చాలు, దుమ్ములో బొగ్గు నలుసులు కలిసే వస్తాయి. అవి జారవు, కాయిన్ కింద పడి గీరుతాయి. ఆడనప్పుడు బోర్డు మీద బట్ట కప్పాలి, ఆడే ముందు పొడిబట్టతో తుడిచి కొత్త పౌడర్ చల్లాలి. ఫ్యాన్ ఆపాల్సిందే. పిల్లలు ఆట అయ్యాక చేతులు కడుక్కోవాల్సిందే, ఆ పౌడర్ తినే పదార్థం కాదు.

ఇప్పుడు గది లెక్క. 29 అంగుళాల తలానికి రెండు వైపులా మూడేసి అంగుళాల ఫ్రేమ్ కలిపితే 35. నలుగురు కూర్చోవడానికి ఒక్కో వైపు రెండడుగులు వదిలితే 83 అంగుళాలు, అంటే దాదాపు 7 అడుగుల చదరం. ఇద్దరే ఆడితే 7 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు చాలు. క్వార్టర్‌లో దివాన్‌ను ఒక గోడకు జరిపితే ఇంత చోటు వస్తుంది. ఆట లేనప్పుడు బోర్డు గదిని ఆక్రమించదు, కాబట్టి జాగా లేదని చిన్నది కొనడం నా దృష్టిలో పొరపాటు. స్టాండ్ కొంటే ఎత్తు 63 నుంచి 70 సెంటీమీటర్లు, కుర్చీ 40 నుంచి 50 ఉండాలి. నేల మీద ఆడేవాళ్లు మోకాళ్లు తగలనంత ఎత్తులో పీట పెట్టుకుంటే సరి. నైట్ షిఫ్ట్ చేసొచ్చి పగలు పడుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే కింద మడతపెట్టిన దుప్పటి పరవండి. స్ట్రైకర్ ఫ్రేమ్‌కు తగిలిన మోత నేలలోకి, గోడల్లోకి పాకకుండా కొంత అది ఆపుతుంది.

సింగరేణిలో ఏటా వర్క్ పర్సన్స్ స్పోర్ట్స్ అండ్ గేమ్స్ అసోసియేషన్ పోటీలు జరుగుతాయి, క్యారమ్స్ అందులో ఉంది. ఏరియాలో నెగ్గినవాళ్లు కంపెనీ స్థాయికి వెళ్తారు. 2016లో బర్మింగ్‌హామ్‌లో ప్రపంచ మహిళల సింగిల్స్ గెలిచిన ఎస్. అపూర్వ మన హైదరాబాద్ ఆవిడే. ఇలాంటి పోటీల మీద ఏ కాస్త ఆశ ఉన్నా ఇంట్లో పోటీ కొలత బోర్డే ఉండాలి.

దుకాణంలో 'పెద్ద సైజు' అన్న మాట నమ్మకుండా, ఫ్రేమ్ లోపలి అంచు నుంచి లోపలి అంచుకు టేపు పట్టండి. కొందరు బయటి కొలత చెబుతారు. ప్లైవుడ్ మందం కనీసం 8 మిల్లీమీటర్లు ఉండాలి. ప్లైవుడ్‌లో పొరల నారలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి అది మామూలు పలకలా వంకర తిరగదు. కానీ పలచనిదైతే మధ్యలో కుంగుతుంది, మెల్లగా కొట్టిన కాయిన్లు అటే మళ్లుతాయి. ఇనుప స్కేలు నిలువుగా ఆనించి, కింద వెలుతురు కనిపిస్తోందేమో చూడండి. తర్వాత చెయ్యి తిరిగిన వాళ్ల చేత స్ట్రైకర్‌ను పూర్తి బలంతో ఎదుటి ఫ్రేమ్‌కు కొట్టించండి. అది అటూ ఇటూ కనీసం మూడున్నర సార్లు తిరగాలన్నది పోటీ నియమం. అంతకు ముందే ఆగిపోతే ఫ్రేమ్ చెక్క మెత్తనిది, లేదా తలం గరుకు. ఇంటికి తెచ్చాక వానాకాలం తడిగోడకు ఆనించి నిలబెట్టకండి. బల్లపరుపుగా, గాలి ఆడేచోట ఉంచితే చాలా ఏళ్లు పనికొస్తుంది.