నాబ్ ఒకవైపు, గుండు మరోవైపు – ఎందుకిలా?

శాలిబండ హాస్టల్లో ఉంటూ కాలేజీలో ఎన్‌సీసీ తీసుకున్న తమ్ముళ్లు ఏటా కొందరుంటారు. క్యాంపులో ఫైరింగ్ రోజున చేతికొచ్చే గుండ్లు చాలా తక్కువ. అవి కాస్తా టార్గెట్ అంచున పడితే "మన చెయ్యి ఇంతేలే" అనుకుని తిరిగి వచ్చేస్తారు. చాలాసార్లు తప్పు చేతిది కాదు, సైట్‌ది. సరిచేయబోతే గుండు ఇంకా దూరం పోయిందంటే, దానికి కారణాలు లెక్కపెట్టగలిగినన్నే. వాటిని వరుసగా చూద్దాం.

అసలు సూత్రం

ఒక స్కేలు తీసుకుని రెండు చివర్లా సమానమైన రబ్బరు ముక్కలు పెట్టండి. కంటి వైపుది బ్యాక్‌సైట్, అవతలిది ఫోర్‌సైట్, స్కేలే బ్యారెల్ అనుకోండి. రెండు ముక్కల పైఅంచులూ గది చివరన ఉన్న బల్బుతో ఒకే గీతలో కలపండి. ఇప్పుడు కంటి వైపు ముక్క కింద ఇంకో ముక్క పెట్టి మళ్లీ గురి కలపండి. స్కేలు ముందు కొన పైకి లేస్తుంది. అంటే బ్యాక్‌సైట్ ఎత్తితే గుండు పైకి పోతుంది. అదనపు ముక్కను అవతలి చివరకు మార్చి చూడండి, కొన కిందికి దిగుతుంది.

గుర్తుంచుకోవాల్సింది ఇంతే: గుండు ఎటు పోవాలో బ్యాక్‌సైట్‌ను అటే జరపాలి. ఫోర్‌సైట్‌ను మాత్రం దానికి ఎదురువైపు జరపాలి. కుడి, ఎడమలకూ ఇదే సూత్రం.

టెలిస్కోప్ సంగతి

స్కోప్‌పై 'అప్' అని బాణం గుర్తు ఉంటే, అటు తిప్పినప్పుడు గుండు పడే చోటు పైకి జరుగుతుందని అర్థం. కానీ రైఫిల్‌ను కదలకుండా బిగించి లోపలికి చూస్తూ తిప్పితే అడ్డగీత కిందికి దిగినట్టు కనిపిస్తుంది. అది చూసి "రివర్స్‌లో పనిచేస్తోంది" అని కంగారు పడేవారున్నారు. అందులో దోషమేమీ లేదు. కిందికి దిగిన గీతను మళ్లీ టార్గెట్ మీదికి తేవాలంటే బ్యారెల్‌ను ఎత్తాలి కదా! అప్పుడు గుండు పైకే పోతుంది.

అక్షరాల తికమక

జర్మనీలో తయారైన కొన్ని పోటీ రైఫిళ్ల సైట్లపై 'హెచ్' అనే అక్షరం ఉంటుంది. జర్మన్‌లో 'హోఖ్' అంటే ఎత్తు. అక్కడి పద్ధతి వేరు: గుండు ఎత్తుగా పడుతుంటే 'హెచ్' వైపు తిప్పాలి, అప్పుడు కిందికి వస్తుంది. 'పైకి పంపాలి' అనుకుని అటు తిప్పినవాడికి ఫలితం తలకిందులే. కొత్త రైఫిల్ పట్టినప్పుడు ఆ గుర్తు జరిగిన తప్పును చెబుతోందా, చేయాల్సిన దిద్దుబాటును చెబుతోందా అని ముందే అడగాలి.

తేడా వస్తే ఈ వరుసలో చూడండి

1. ఒక్క గుండు చూసి నాబ్ ముట్టుకోవద్దు. మూడు నుంచి ఐదు గుండ్లు పేల్చి, ఆ గుంపు మధ్యభాగాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

2. సైట్, మౌంట్ స్క్రూలు వదులుగా ఉన్నాయేమో చూడాలి. వదులుగా ఉంటే ఎన్ని క్లిక్కులు తిప్పినా ప్రయోజనం లేదు.

3. దూరం లెక్క వేయాలి. 100 గజాల్లో క్లిక్కుకు పావు అంగుళం జరిపే స్కోప్, 25 గజాల్లో జరిపేది అంగుళంలో పదహారో వంతే. అంగుళం జరగాలంటే 16 క్లిక్కులు కావాలి. నాలుగు తిప్పి ఊరుకుంటే ఆ మార్పు గుండ్ల చెదురులో కలిసిపోతుంది, ఒక్కోసారి ఎదురువైపు పోయినట్టు కూడా కనిపిస్తుంది.

4. పైకి తిప్పితే గుండు ఏటవాలుగా పోతోందా? స్కోప్ పక్కకు తిరిగి బిగుసుకుని ఉండవచ్చు. రైఫిల్‌నే వంచి పట్టుకుంటే గుండు ఆ వంపు వైపుకు, కాస్త కిందికి పడుతుంది.

5. నాబ్ చివరిదాకా వెళ్లి ఆగిందా? అక్కడ లోపలి స్ప్రింగు సరిగా తోయకపోవచ్చు. మధ్యకు తెచ్చి మళ్లీ మొదలుపెట్టాలి.

ప్రతి క్లిక్కునూ నోట్‌బుక్‌లో రాసుకుంటే, తప్పు వైపు తిప్పినా మొదటి చోటికి తిరిగి రావచ్చు. ఇవన్నీ రేంజ్‌లో, ఉస్తాద్ అనుమతితోనే చేయాలి. ఆయన చెప్పనిదే సైట్ మీద చెయ్యి వేయకూడదు.

మన ఊరి ఉదాహరణ

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2003లో ఇక్కడే జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ బంగారు పతకం గెలిచారు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో అదే పోటీలో కాంస్యం సాధించారు. ఆ పోటీలో టెలిస్కోప్ వాడనివ్వరు, సన్నని రంధ్రంలోంచి చూసి కొట్టాలి. టార్గెట్ మధ్యనున్న పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. అంత చిన్న చుక్క దగ్గర గురి ఎంత ముఖ్యమో, సైట్‌ను అర్థం చేసుకోవడమూ అంతే ముఖ్యం.

తమ్ముళ్లూ! ఈసారి గుండ్లన్నీ ఒకే చోట గుంపుగా, కానీ మధ్యకు దూరంగా పడితే నిరాశ పడకండి. గుంపు కట్టిందంటే మీ చెయ్యి నిలకడగా ఉందని అర్థం. మిగిలింది సైట్ సరిచేయడమే. అది నేర్చుకుంటే వచ్చే విద్య.