తెరమీద రాఘవగారు



నాయకుడు గాక, నాయకుని తండ్రిగనో ముసలి సేద్యగానిగనో కనుపించి కథకు ప్రాణము పోయు నటులు హాలీవుడ్డున ఒక తెగ కలరు. అట్టివారికి వేరుగ బహుమానము పెట్టుట 1936వ సంవత్సరపు చిత్రములతో మొదలయ్యెను. మొదట దానినందిన వాల్టరు బ్రెన్నను 1938, 1940 చిత్రములకును మరల గెలిచెను. ఆ యేండ్లలోనే మన సీమవారొకరు తెలుగు తెరపై మూడుమారులు కనుపించిరి. వారు బళ్ళారి రాఘవగారు. పేరున బళ్ళారి యున్నను పుట్టిన యూరు మన తాడిపత్రి.

వారి జననము 1880 ఆగస్టు 2. అనంతపురము జిల్లా యప్పటికి లేదు. 1882లో బళ్ళారినుండి విడివడినది. మేనమామ ధర్మవరము రామకృష్ణాచార్యులుగారు ప్రసిద్ధ నాటకకర్త. రాఘవగారు వృత్తిచే వకీలు. నాటకము వారికి కూడు పెట్టునది కాదు గనుక జనము కోరినట్లెల్ల ఆడవలసిన యగత్యము లేకపోయెను. వారి కళకు మూలమిదియే యని నా తలంపు.

ఆ కాలమున పద్యమును రాగముతో నెంత సాగదీసిన నంత కీర్తి. ‘వన్సుమోర్’ అను కేక వినబడిన, చచ్చిపడిన పాత్రయు లేచి పాడి మరల చచ్చెడిదని పెద్దలు నవ్వుచు చెప్పుట మీరెరుగుదురు. రాఘవగారికిది గిట్టలేదు. భావము ముఖమునందు, మాట విరుపునందు, మౌనమునందు కనుపింపవలెననిరి. కోలాచలము శ్రీనివాసరావుగారి నాటకములో పఠాను రుస్తుము వేషము వారికి మిక్కిలి పేరు తెచ్చినది. స్త్రీవేషములను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టినవారును వీరే.

రంగస్థలమున నటుడు కట్టకడపటి వరుసవానికి సైతము వినిపింపవలెను. చలనచిత్రమందన్ననో, యంత్రపు కన్ను మొగమునకు బారెడు దూరమున నుండి కనురెప్ప కదలికను గూడ పట్టుకొనును. కావున రాఘవగారి పద్ధతి తెరకే తగినది. అయినను నాటి తెలుగు చిత్రములు పాటలతోను పురాణములతోను నిండియుండెను. వారి వయస్సో, అరువదికి చేరువ.

1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణము’న దుర్యోధనులైరి. అదే యేట అదే కథతో మరియొక కంపెనీ చిత్రము తీయగా, ఈ చిత్రమే యోడిపోయెను. 1940లో ‘చండిక’. నడుమ 1939లో గూడవల్లి రామబ్రహ్మముగారు సారథి పక్షమున తీసిన ‘రైతుబిడ్డ’లో రైతు పాత్ర. మూడింటిలో నిలిచినది ఇదియే.

కథ జమీందారుల దౌష్ట్యమును గూర్చినది. మన మెట్టరైతు జమీందారునెరుగడు. మన్రో కాలమునుండి శిస్తు నేరుగ సర్కారునకే కట్టెడివాడు. వాన తప్పిన యేడు అప్పులవాని వాకిట నిలుచుట మాత్రము బాగుగ నెరుగును. ఆ చిత్రముపై జమీందారులు మండిపడిరి. ప్రభుత్వము దానిని నిషేధించెను. రాఘవగారు 1946 ఏప్రిల్ 16న గతించిరి. జమీందారీల రద్దు చట్టము మదరాసు రాష్ట్రమున 1948లో వచ్చినది.