ఒడిలోనే తొలి బడి

బిడ్డ అల్లాహ్ అప్పగించిన అమానతు. ఆ అమానతును కాపాడే తల్లికి తోడుగా, 2018లో ఆరంభమైన గృహ సందర్శన పథకం కింద ఆశా కార్యకర్త బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలల వయసులో ఇంటికి వస్తుంది. ఎదుగుదల, అనుబంధాహారం, చేతుల శుభ్రత, టీకాలు, బిడ్డతో ఆటమాటలు - వీటిపై సలహాలిస్తుంది.

విజయవాడ వించిపేటలోనైనా, డెల్టా పల్లెలోనైనా ఆ సలహాలు తల్లి ఒక్కతే వింటే చాలవు. వండిపెట్టే అత్తగారు, సరుకులు తెచ్చే తండ్రి కూడా వినాలి. దివ్య ఖుర్ఆన్ (2:233) తల్లిపాలకు నిండు రెండేళ్ల గడువు పేర్కొంటూనే, తల్లి అన్నవస్త్రాల బాధ్యతను తండ్రిపై ఉంచింది. ముందే పాలు మాన్పించదలిస్తే ఇరువురి సంప్రదింపు, సమ్మతి అవసరమన్నది.

కనుక ఆశా వచ్చే రోజున తండ్రి ఇంట ఉండటం తల్లికి చేసే ఉపకారం కాదు, అతని విధి. అంగన్‌వాడీ గడప తొక్కకముందే బిడ్డకు అందే తొలి విద్య అదే.