సంధికాలమున నిదానము

గోదావరి డెల్టాలో ఏటేటా వేసవియందు కాలువలు కట్టివేయుదురు. దాళ్వా పంట ఇల్లు చేరిన పిదప, సార్వా దమ్ములకు ముందు, మొగల్తూరు ప్రాంతమునకు కాలువనీరు కొన్ని వారములు రాదు. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట నీటితో బ్రతుకుచున్న సీమ యిది. అయినను ఆ వారములు వ్యర్థమని రైతు తలంపడు. ముందుగనే ఊరచెరువులు నింపుకొందురు. పిమ్మట పూడిక తీయుదురు, గట్లు బలపరతురు, లాకుల తలుపులు సరిచూతురు. నీరు నిండుగ పారుచుండగా చేయవీలుకాని పనులివి.

సోదరీమణులారా! స్త్రీజీవితమునందును ఇట్టి సంధికాలములు కలవు. వానిలో కొన్నింటికి మన పెద్దలే విరామము నేర్పరచిరి. క్రొత్తకోడలు ఆషాఢమున పుట్టింటికి వచ్చును. తొలిచూలాలు పురిటికి తల్లికడకు చేరును. ఈ యాచారములకు ఎవరే కారణము చెప్పినను, పాతబ్రతుకు విడిచి క్రొత్తబ్రతుకులో అడుగిడు స్త్రీకి ఊపిరి తీసికొను వ్యవధి దొరకుచున్నది.

నడివయసు దాటిన పిదప వచ్చు మార్పులకో, అట్టి యేర్పాటు లేదు. పిల్లలు ఉద్యోగములకు హైదరాబాదో, విదేశమో పోవుదురు. భర్త ఉద్యోగము విరమించును. లేదా ఆయనయే గతించును. పూర్వము భర్త పోయిన స్త్రీని మూలగదిలో కూర్చుండబెట్టెడివారు. అది విశ్రాంతి కాదు, శిక్ష. నేడు ఆ శిక్ష చాలవరకు తగ్గినది గాని, దాని స్థానమున తొందర వచ్చినది. పెద్దకర్మ ముగియకమునుపే ప్రశ్నలు మొదలగును: ఇల్లు అమ్ముదురా? చేను చేపలచెరువునకు కౌలు కిత్తురా? ఏ కొడుకుకడ నుందురు?

దుఃఖముతో మనసు మొద్దుబారిన వేళ చేసిన సంతకము తరువాతి యిరువది యేండ్ల బ్రతుకును నిర్ణయింపవచ్చును. కావున ఒక్క విషయము ప్రతి యిల్లాలును తెలిసికొనవలెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ననుసరించి, వీలునామా లేక మరణించిన భర్త స్వార్జితములో భార్యకు కొడుకులతోను కూతుళ్లతోను సమానభాగము కలదు. ఆ భాగము ఆమె సొంతము. బ్రతికినంతకాలము తిని విడువవలసినది కాదు. కొన్ని నెలలు ఆగినంతమాత్రమున ఆ హక్కు పోదు. హక్కు విడుదల దస్తావేజుపై వ్రేలిముద్ర వేసి రిజిస్టరు చేయించినచో మాత్రము, దానిని మరల పొందుట మిక్కిలి కష్టము.

నిదానమనగా చేతులు ముడుచుకొని కూర్చుండుట కాదు. ఒక సంవత్సరము గడచువరకు ఇల్లు, పొలము, బంగారము కదపకుండుట మొదటిది. ఇంటి ఆదాయవ్యయములు స్వహస్తముతో పుస్తకమున వ్రాసికొనుట రెండవది. ఆరునెలల లెక్క చూచిన పిదప, తన కెంత కావలెనో ఎవరిని అడుగ నక్కరలేదు. దినమునకు ఒక గడియయైనను చేతికి తనకిష్టమైన పని కల్పించుకొనుట మూడవది. నరసాపురము సీమ స్త్రీలకు లేసు అల్లిక ఉండనే యున్నది. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన యీ విద్యలో కూలి స్వల్పమే. దానితో ఇల్లు గడచునని చెప్పుట మోసము. అయినను త్వరపడి వేసిన ముడిని విప్పి మరల వేయక తప్పదని ఆ సూది పట్టిన చేయి ఎరుగును.

ఈ తీరిక అందరికిని లేదు. కూలికి పోనిదే పొయ్యి వెలుగని తల్లి సంవత్సరము ఆగలేదు. ఆమెకు చెప్పదగిన దొక్కటే: కాగితము ఎదుట పెట్టినపుడు, చదివించుకొని రేపు చెప్పెదననుము. ఆ ఒక్కరాత్రియే ఆమె విరామము.

రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయి చరిత్రము ఇచ్చట స్మరింపదగినది. బాల్యవివాహ బంధమునుండి వైదొలగి, ఉప్పు సత్యాగ్రహమున చెరసాల కేగి, మదురలో ఏకాంతవాసము అనుభవించినది. విడుదలయైన పిదప, కీర్తి వచ్చినది గదా యని ఉద్యమవేదికలనే అంటిపెట్టుకొనక, వెనుకకు తగ్గి, ఆగిపోయిన చదువును మొదటినుండి చేపట్టినది. మెట్రిక్యులేషను, ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో పట్టము, పిదప 1942లో న్యాయశాస్త్రము. ఈ చదువునకు దాదాపు పదియేండ్లు పట్టెను. ఆ నిదానమైన యేండ్లు లేనిచో, రాజ్యాంగసభలో హిందూ స్త్రీల ఆస్తిహక్కునకై వాదించిన ఆ కంఠమునకు అంత బలము కలిగెడిది కాదు.

చివరగా బంధువులకొక మనవి. సంధికాలమున నున్న స్త్రీకి సలహాలు తక్కువగను, వ్యవధి ఎక్కువగను ఇండు. వారమున కొకసారి వచ్చి ఆమె చెప్పినది వినుడు; బ్యాంకు పనికి తోడుపొండు; బదులు మాత్రము తొందరపెట్టకుడు. ఆమె నిర్ణయము ఆలస్యముగ వచ్చినను, ఆమెదిగా వచ్చును.