రైతుకు నడుము నొప్పి: నివారణ, చికిత్స

కాడెద్దు కుంటినచో రైతు ఆ పూటనే కాడి విప్పి దానికి వైద్యము చేయించును. తన నడుము పట్టుకొన్నప్పుడు మాత్రము పంట ఇల్లు చేరువరకు పంటిబిగువున ఓర్చుకొనును; లేదా ఒక్కసారిగా మంచమెక్కి వారముల తరబడి లేవడు. ఈ రెండును మంచి పద్ధతులు కావు.

నొప్పి ఎందుకు వచ్చును?

వెన్నెముకలో ఎముకలు ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. వాటి నడుమ మెత్తని బిళ్లలు, చుట్టును కండరములు కలవు. మనము వంగినపుడు పై శరీరపు బరువంతయు నడుము కండరములే ఆపవలెను. చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో వేరుశెనగ చేలో తొలికతో కలుపు తీయుట, చెట్లు పీకుట, చెరకు నరకుట, టమోటా కోయుట, ఇవన్నియు వంగి చేయు పనులే. నడుము నొప్పి గల పదిమందిలో సుమారు తొమ్మండుగురికి ప్రమాదకరమైన జబ్బేదియు ఉండదు. అట్టి నొప్పి చాలమందికి కొద్ది వారములలో తగ్గును.

రాకుండ చూచుకొనుట

బస్తా ఎత్తునపుడు దానికి దగ్గరగా నిలిచి, మోకాళ్లు వంచి, బస్తాను ఒంటికి ఆనించుకొని కాళ్ల బలముతో లేవుడు. బరువుతో నడుము మెలిపెట్టక పాదములనే త్రిప్పుడు. అయితే ఎంత నేర్పుగా ఎత్తినను, బరువే అధికమైనచో ఫలితముండదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో పురుషునికి 55 కిలోల హద్దు సూచించినది. మన వడ్ల బస్తా 75 కిలోలు తూగును! యూరియా బస్తాను 2018లో 50 నుండి 45 కిలోలకు తగ్గించిరి. ధాన్యమును గూడ చిన్న బస్తాలకే ఎత్తుడు. పెద్ద బస్తాను ఇద్దరు పట్టుడు. గ్రామోద్యోగులు సరుకు దించు చోట ఈ ఏర్పాటు చేయించిన మేలు.

కలుపు తీయువారు అరగంటకొకసారి లేచి, నడుముపై చేతులుంచి వెనుకకు వంగవలెను. సాళ్ల మధ్య నిలుచుండి త్రోయు చక్రపు కలుపుదంతి వాడుడు. కాయలు తెంపునపుడు పీటపై కూర్చొనుడు.

వచ్చిన పిదప

పూర్వము వైద్యులే బల్లపై పడుకొని కదలవద్దనెడివారు. అది మేలు చేయదని నేడు తేలినది. పడక వలన కండరములు బలహీనమగును. నొప్పి తీవ్రముగా నున్న ఒకటి రెండు దినములు బరువు పనులు మాని, ఇంటి చుట్టు మెల్లగా నడువుడు. వేడినీటి కాపడము పెట్టుడు. నొప్పి కొంత తగ్గిన పిమ్మట వెల్లకిల పడుకొని, మోకాళ్లను ఒక్కొక్కటిగా రొమ్ము వైపునకు లాగి పది లెక్కపెట్టుడు. ఉదయము, సాయంత్రము పదిసార్లు చాలును. క్రమముగా పనిలో ప్రవేశింపుడు.

ఎదురుకాళ్లతో పుట్టినవారిచే తన్నించుకొనుట మన పల్లెలలో వాడుక. అది మానుడు, ఎముక బలహీనమైన వారికి విరుగవచ్చును. అంగడిలో నొప్పి బిళ్లలు కొని దినదినము మ్రింగినచో కడుపులో పుండ్లు పడును, మూత్రపిండములు చెడును. స్కానింగుకై అప్పు చేయుటకు తొందరపడకుడు. నొప్పి లేనివారిలో గూడ వయస్సుతో బిళ్లల అరుగుదల కనిపించును. అవసరమో కాదో వైద్యుడు నిర్ణయించును.

ఆలస్యము కూడని లక్షణములు

మూత్రము బిగియుట లేక తెలియకుండ పోవుట, మలద్వారము చుట్టు తిమ్మిరి, కాలు చచ్చుబడుట కనిపించినచో ఆ దినమే పెద్ద ఆసుపత్రికి పోవలెను. చింత, మామిడి చెట్ల నుండి పడినవారిని కూర్చుండబెట్టక, బల్లపై వెల్లకిల ఉంచి తీసికొనిపోవుడు. జ్వరము, బరువు తగ్గుట, రాత్రి వేళ తగ్గని నొప్పి యున్నచో వెన్నెముక క్షయ మొదలగు జబ్బులుండవచ్చును, పరీక్ష చేయించుకొనుడు. తిరుపతిలో రుయా ఆసుపత్రి, స్విమ్స్, దేవస్థానము వారి బర్డ్ ఆసుపత్రి కలవు. సామాన్యమైన నొప్పికి ముందుగా దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవుడు.

రైతు సోదరులారా! ఎద్దు పోయిన మరియొకటి కొనవచ్చును. నడుము కొనుటకు ఏ సంతలోను దొరకదు. రేపు బస్తా ఎత్తుటకు ముందే దాని బరువు తగ్గింపుడు.