మీకు తెలుసా? టేకు షీటులో టేకెంత!

● షాపులో ‘టేకు వినీర్’ అని అమ్మే ఎనిమిదడుగుల షీటులో అసలు టేకు మందం సాధారణంగా అర మిల్లీమీటరే. కిందదంతా ప్లైవుడ్డు. ఇందులో మోసమేమీ లేదు, పద్ధతే అది. అంగుళం మందం చెక్కను కత్తితో పొరలుగా తీస్తే దాదాపు యాభై వస్తాయి. ఆ పొరే వినీర్. రంపమైతే చాలావరకు పొట్టుగా రాల్చేసేది.

● ఈ ఉపాయం చాలా పాతది. 1922లో బయటపడిన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో ఎబొనీ, ఏనుగు దంతపు పలుచని పొరలు అతికించిన సామాన్లున్నాయి. ఒకే చెట్టును పలుమార్లు అమ్ముకునే ఎత్తుగడ అని రోమన్ రచయిత ప్లినీ దీన్ని ఎత్తిపొడిచాడు కూడా!

● దుంగను ఏ వైపు నుంచి కోశారన్నదాన్ని బట్టి గీతలు మారతాయి. ఒక కోతలో గోపురాలు, ఇంకో కోతలో నిలువు చారలు. లేత్ మీద తిప్పుతూ చెక్కితే చాప చుట్ట విప్పినట్టు వెడల్పాటి పొర వస్తుంది.

● ఒకే దుంగలో వరసగా తీసిన పొరల గీతలు దాదాపు ఒకటే. ఒకదాన్ని తిరగేసి రెండోదాని పక్కన చేరిస్తే కుడి ఎడమలు సరిపోతాయి. దీన్నే బుక్ మ్యాచ్ అంటారు. బీరువా తలుపులకు ఇది కావాలంటే వరస నంబర్లున్న షీట్లే అడగండి. ఒకటి ఎక్కువే, అదీ ఒకేసారి కొనండి. నెల తర్వాత వెళ్లి ‘అదే టేకు ఇంకొకటివ్వండి’ అంటే షాపతను చూపించేది వేరే చెట్టు. అరచేయంత శాంపిల్ చూసి ఆర్డరివ్వడం మరీ అన్యాయం. షీటును నిలబెట్టించి, పగటి వెలుతురులో మొత్తం చూడాలి.

● అన్ని షీట్లూ అచ్చు గుద్దినట్టుంటే అది ‘రీకాన్’ అయ్యుండొచ్చు. త్వరగా పెరిగే చెట్ల పొరలకు రంగు వేసి, దొంతరగా అతికించి, మళ్లీ కోసినది. చెక్క నిజమే, గీతలే మనిషి కల్పించినవి. నా ఓటు దానికి పడదు గానీ, పెద్ద గోడకు మాత్రం పని సులువు.

● వెలుతురులో ఏళ్లు గడిచేకొద్దీ వాల్‌నట్ లేతబడుతుంది, చెర్రీ ముదురుతుంది.

● విడి పొరను పలకకు ఒకవైపే అతికిస్తే పలక వంగుతుంది. వెనక చవక వినీరైనా వేయండి.

● రోజ్‌వుడ్, అంటే మన ఇరుగుడు జాతి చెట్లన్నీ 2017 జనవరి నుంచి సైటీస్ (అంతరించే ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారంపై ఒప్పందం) నియంత్రణలో ఉన్నాయి. విదేశంలో ఉన్న అబ్బాయికి ఆ వినీర్ పంపాలంటే ఎగుమతి అనుమతి పత్రం కావాలి.