ప్రేక్షకుల తీర్పు

శిల్పి చెక్కిన విగ్రహము చూచువారు లేకున్నను గుడిలో నిలిచియుండును. కవి వ్రాసిన కావ్యము చదువువారు లేకున్నను గ్రంథాలయమున భద్రముగా నుండును. నాటకము అట్టిది కాదు. నటుడు ఆడుచుండగా ప్రేక్షకుడు చూచుచుండవలెను. ఒకరు లేనిదే రెండవవారు లేరు. కడపటి తెర పడిన పిమ్మట నాటకము మిగులునది చూచినవారి మనస్సులందును, వారు చెప్పుకొను మాటలందును మాత్రమే. ఆ మాటలే నాటకమునకు తీర్పు. ఊరూర తిరిగి ఆడు సమాజమునకు ఆ తీర్పే జీవనాధారము కూడ. కావున నాటకమును ఆడుట యెట్లు ఒక విద్యయో, చూచి తగినట్లు అభిప్రాయము చెప్పుటయు అట్లే ఒక విద్య.

తెలుగునాట ఇట్టి సంచార సమాజములలో మిక్కిలి పేరుగన్నవి సురభి నాటక సమాజములు. మహారాష్ట్ర ప్రాంతమునుండి పూర్వము వలసవచ్చిన కొన్ని కుటుంబములవారు మొదట తోలుబొమ్మలాట లాడుచు జీవించుచుండిరి. వారిలో వనారస గోవిందరావుగారు 1885 వ సంవత్సరమున కడప జిల్లాలోని సురభి గ్రామమున కీచకవధ నాటకమును ప్రదర్శించిరి. ఆ ఊరి పేరే సమాజమునకు పేరైనది. క్రమముగా నటీనటుల పేర్లకు ముందు కూడ చేరినది. కుటుంబములు పెరిగిన కొలది సమాజములును పెరిగినవి. ఇతర సమాజములలో మగవారే ఆడవేషములు ధరించుచుండిన కాలముననే సురభివారి ఆడపడుచులు ధైర్యముతో రంగమెక్కి స్త్రీపాత్రలు ధరించిరి. 1932 లో వెలువడిన ‘భక్తప్రహ్లాద’ చలనచిత్రమున లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఈ కుటుంబములందు పుట్టి పెరిగిన నటియే.

సురభివారు ఒక ఊరు చేరినంతనే రేకులతోను, గుంజలతోను తమ నాటకశాలను తామే నిర్మించుకొనెడివారు. జనాదరణ యున్నంతవరకు, ఒక్కొక్కప్పుడు నెలల తరబడి, అచ్చటనే యుండి నాటకమునకు నాటకము మార్చి ఆడెడివారు. పగలు తెరలకు రంగులు వేసినవాడు రాత్రి రాజగును. వంట ముగించి వచ్చిన ఇల్లాలు రాణి యగును. నడక నేర్చిన బిడ్డ బాలకృష్ణు డగును. వేషము లేనివారు తెరలు లాగుదురు, దీపములు చూచుకొందురు, టిక్కెట్ల పెట్టెకడ కూర్చుందురు. వీరికి పొలములు లేవు, నెల జీతములు లేవు. మొదటి రాత్రి చూచినవారు ఇంటికి పోయి “బాగున్నది” అన్నచో మరునాడు శాల నిండును. “బాగులేదు” అన్నచో గుంజలు పెరికి సామానులు కట్టుకొనవలసినదే. ప్రేక్షకునికి అది నోటి మాట. నటకుటుంబమునకు అది మరునాటి అన్నము.

సురభివారు ఆడిన నాటకములలో జనులు మరల మరల చూడగోరినది ‘మాయాబజారు’. ఈ కథ వ్యాసభారతమున లేదు. జనులు కల్పించుకొని ప్రేమించిన కథ. బలరాముని కుమార్తె శశిరేఖను అభిమన్యునకు ఇత్తుమని పెద్దలు మొదట అనుకొందురు. పాండవులు రాజ్యము కోల్పోగానే ఆ మాట తప్పి, దుర్యోధనుని కుమారుడగు లక్ష్మణకుమారునకు ఆమెను ఇయ్యబూనుదురు. భీముని కుమారుడగు ఘటోత్కచుడు మాయచేత శశిరేఖను తన కడకు చేర్చి, తానే శశిరేఖ రూపమున పెండ్లివారి నడుమ నిలుచును. ఆ మాయాశశిరేఖ చేతిలో లక్ష్మణకుమారుడు పడు పాట్లే ఈ నాటకమందలి హాస్యము. తుదకు శశిరేఖాభిమన్యుల వివాహము జరుగును. పాటయు, పద్యమును, హాస్యమును, అద్భుతమును ఇందు సమముగా కలసియున్నవి.

ఇట్టి నాటకము ముగిసి జనులు ఇండ్లకు మరలునప్పుడు వినవచ్చు అభిప్రాయములు ఒక తీరున నుండవు. పిల్లలు నారదుడు మేఘములనుండి దిగిన వైనమునే చెప్పుకొందురు. వృద్ధులు బలరాముడు పద్యము ఎంత స్పష్టముగా చదివెనో చెప్పుదురు. సంగీతప్రియులు హార్మోనియము శ్రుతినిగూర్చి తర్కింతురు. యువకులు లక్ష్మణకుమారుని చేష్టలను అనుకరించి నవ్వుదురు. అందరును చూచినది ఒకే నాటకము. అయినను ఎవరి తీర్పు వారిది. ఇది నేటి వింత కాదు. భరతముని తన నాట్యశాస్త్రమున దీనిని విపులముగా చర్చించెను. శూరులకు యుద్ధమును రౌద్రమును, వృద్ధులకు ధర్మకథలును పురాణములును, బాలురకు హాస్యమును వేషములును ప్రీతి కలిగించునని ఆయన చెప్పెను. కావున ఒకని అభిరుచి వేరొకనికి లేకుండుట తప్పు కాదు. తన అభిరుచియే శాస్త్రమని తలచుట తప్పు.

మరి నటీనటులను గూర్చి తీర్పు చెప్పుటకు ఏమి గమనింపవలెను? మాయాబజారులో పరీక్ష యంతయు శశిరేఖ పాత్రయందున్నది. నిజమైన శశిరేఖ సుకుమారి, సిగ్గరి. మాయాశశిరేఖ పైకి కన్య, లోపల రాక్షసుడు. చీర యదే, నగలవే, ముఖ మదే. కాని అడుగు వేసినప్పుడు భూమి అదరినట్లు తోపవలెను. మెల్లగా మాటాడుచుండగానే గొంతులో ఒక గర్జన తొంగిచూడవలెను. మరుక్షణముననే ఎవరో చూచుచున్నారని తలవంచుకొనవలెను. ఈ మార్పును నటి నడకతోను, చూపుతోను, గొంతుతోను సాధింపవలెను. “శశిరేఖ బాగున్నది” అని ఊరకొనువాడు చూచినవాడు మాత్రమే. “రాక్షసుడు ఆమె నడకలో కనబడెను” అనువాడు గ్రహించినవాడు.

హాస్యపాత్ర విషయమున ప్రేక్షకునకు మరింత బాధ్యత కలదు. లక్ష్మణకుమారుడు తాను గొప్ప వీరుడనని నమ్మిన భీరువు. ఆ నమ్మకము ఎంత గట్టిగా కనబడునో నవ్వు అంత సహజముగా వచ్చును. నటుడు కథలో లేని మాటలు చేర్చి, వికారపు చేష్టలు చేసి నవ్వింపజూచినను కొందరు ఈలలు వేయుదురు. ఆ ఈలలు విన్న నటుడు మరునాడు ఆ చేష్టలనే రెట్టింపు చేయును. క్రమముగా పాత్ర పోయి చేష్టలు మిగులును. నటుడు చెడినాడని అప్పుడు నిందించువారు, అతనిని ఆ త్రోవ పట్టించినది తమ ఈలలే యని మరచిపోవుదురు.

సంగీతము విషయమునను ఇట్లే జరిగినది. తెలుగు రంగస్థలమున మంచి పద్యము వినినంతనే ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అని కేకలు వేయుట చిరకాలముగా నున్న ఆచారము. నటుడు కథను ఆపి పద్యమును మరల పాడును. ఇది ప్రజల సంగీతాభిమానమునకు గుర్తే. కాని శోకరసము పండవలసిన చోట దీర్ఘమైన రాగాలాపన సాగినచో శోకము మాయమై రాగమే మిగులును. ప్రసిద్ధనటులు బళ్ళారి రాఘవగారు (1880–1946) ఈ పద్ధతిని నిరసించి, నాటకమున భావమునకును సహజమైన అభినయమునకును ప్రథమస్థాన మీయవలెనని కోరిరి. పద్యము లేని నాటకము చప్పనిదని ఆనాడు వాదించినవారును లేకపోలేదు. ఇరువురి మాటలందును సత్యము కలదు. పద్యము మన నాటకమునకు సొమ్ము. కాని సొమ్ము ధరించుటకు ముందు దేహము కావలెను గదా!

ఇక ప్రదర్శన సామగ్రిని గూర్చిన అభిప్రాయములు. సురభివారికి అఖండకీర్తి తెచ్చినవి రంగాలంకరణలు, చిత్రవిచిత్రములగు తంత్రములు. కోట తెర చుట్టుకొనగానే అడవి తెర విప్పుకొనును. నారదుడు ఆకాశమునుండి దిగును. రెండు వైపులనుండి వచ్చిన బాణములు నడుమ ఢీకొని నిప్పులు చిమ్మును. ఇందు ఇంద్రజాలమేమియు లేదు. త్రాళ్ళు, గిలకలు, చీకటిలో కంటికానని సన్నని తీగలు, వేళ తప్పక వెలిగి ఆరు దీపములు, వీనికి మించి తెర వెనుక మెలకువతో నిలిచిన మనుష్యులు కలరు. నారదుని మోయు త్రాటిని పట్టినవాడు అతని అన్నయో మామయో యగును. అతని చేయి ఒక్క క్షణము జారినచో పద్యము చదువుచున్నవానికి ప్రమాదము. ప్రేక్షకుల చప్పట్లు నారదునికే దక్కును. త్రాడు పట్టినవాడు తెర వెనుకనే యుండును. తీర్పు చెప్పువాడు కంటికి కనబడని ఆ పనివానిని కూడ తలచుకొనవలెను.

“తంత్రములు ఎక్కువై రసము తక్కువైనది” అని విమర్శించువారును కలరు. ఈ విమర్శ అన్ని చోట్లను ఒక్క తీరున చెల్లదు. మాయాబజారు కథయే మాయనుగూర్చినది. ఘటోత్కచుని మాయ కంటికి కనబడకున్నచో కథ నడవదు. అచ్చట తంత్రము కథకు ప్రాణము. కథతో పనిలేక కేవలము చప్పట్లకొరకు చొప్పించిన తంత్రము మాత్రము రసమునకు అడ్డు. ఇది లేకున్న కథకు లోటు కలుగునా యని ప్రశ్నించుకొన్నచో ఈ భేదము తెలియును.

1957 వ సంవత్సరమున ‘మాయాబజారు’ చలనచిత్రము వెలువడినది. ఘటోత్కచుడనగానే ఎస్.వి. రంగారావుగారును, మాయాశశిరేఖ యనగానే సావిత్రిగారును జనుల కన్నులకు కట్టిరి. అది మొదలు రంగస్థల నటులను సినీనటులతో పోల్చి తీర్పు చెప్పుట ఆచారమైనది. ఈ పోలిక కొంతవరకే న్యాయము. చలనచిత్రమున దృశ్యము కుదరనిచో మరల చిత్రింపవచ్చును. ముఖమును తెరనిండ చూపవచ్చును. రంగస్థలమున పోయిన మాట మరల రాదు. కడపటి వరుసలో కూర్చున్నవానికి కూడ నటుని భావము అందవలెను. అందుచేత సినిమాలో అతియనిపించు అభినయము రంగస్థలమున అవసరమగును. అయితే ఎదుట నిలిచిన మనిషి ఊపిరి, అతని నవ్వునకు మన నవ్వు తోడగుట, సినిమాలో దొరకవు. ఏ కళను ఆ కళకు తగిన తూనికతోనే తూచవలెను.

సినిమాయు, తరువాత దూరదర్శనమును వ్యాపించిన కొలది సంచార సమాజముల శాలలు పలుచబడినవి. పదులకొలదిగా నుండిన సురభి సమాజములు వ్రేళ్ళపై లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలినవి. అయినను ఆ విద్య అంతరింపలేదు. సురభి నాగేశ్వరరావుగారికి భారతప్రభుత్వము 2013 లో పద్మశ్రీ బిరుద మొసగినది. బాబ్జీ యను పేర ప్రసిద్ధులైన వారు 2022 లో కీర్తిశేషులైరి. ఆయన సమాజమువారు 2013 లోనే ఫ్రాన్సు దేశమునకు పోయి అచ్చట కూడ ప్రదర్శనము లిచ్చిరి. తెలుగు తెలియనివారు పద్యార్థమును గ్రహింపజాలకపోవచ్చును. కాని నడక, చూపు, సంగీతము, రంగవైభవము చెప్పు కథను గ్రహింపగలరు. ఇదియును అభినయమునకు ఒక పరీక్షయే.

నాటకము ఫలించినదని తెలియుట యెట్లు? భరతముని దీనికి రెండు విధములైన సిద్ధులను చెప్పెను. ప్రేక్షకులు చిరునవ్వు నవ్వుట, బిగ్గరగా నవ్వుట, మేలు మేలనుట, రోమాంచము పొందుట మొదలగునవి మానుషసిద్ధి. శాల నిండియుండి, కలకలము గాని అలజడి గాని లేక అందరును తన్మయులగుట దైవసిద్ధి. చప్పట్ల ధ్వని గొప్పదే. దానికంటె నిశ్శబ్దము గొప్పది. నాటకమునకు కలుగు విఘాతములను గూర్చియు ఆయన వివరించెను. గాలి, వాన, అగ్ని మొదలగువానివలన కలుగునవి కొన్ని. పగవారి అల్లరివలన కలుగునవి కొన్ని. నటుల లోపములవలన కలుగునవి కొన్ని. రేకులపై వాన కురిసి పద్యము వినబడని రాత్రి నటునికి గొంతు లేదనుట అన్యాయము. పాఠము మరచి తడబడినవానిని వానపేర మన్నించుటయు అన్యాయమే.

పాఠశాల వార్షికోత్సవమున తోటి విద్యార్థులు వేసిన నాటకమును చూచినప్పుడును ఈ నియమములే వర్తించును. అభిప్రాయము చెప్పుటకు ముందు నాటకమును కడవరకు చూడవలెను. బాగున్నదన్నను బాగులేదన్నను కారణము చెప్పవలెను. నటుని దోషమును రచయితకును, రచయిత దోషమును నటునికిని అంటగట్టరాదు. నటుని రూపమును, కులమును, పేదరికమును పరిహసించుట విమర్శ కాదు.

గుణమే లేనిదియు, దోషమే లేనిదియు లోకమున లేదు గనుక నాట్యమందలి దోషములను మితిమీరి పట్టించుకొనరాదని భరతముని ప్రేక్షకునికి హితవు చెప్పెను. అంతటితో ఆగక, ఆ కారణమున నటుడు తన పనియందు అశ్రద్ధ చూపరాదనియు హెచ్చరించెను. ప్రేక్షకుడు ఉదారుడుగాను, నటుడు జాగరూకుడుగాను ఉన్న చోట నాటకము వర్ధిల్లును.